సాకే సీసా మీద ఊరి పేరు

(శాండ్రింగ్‌హామ్ సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



మేము అంటే మూడు కుటుంబాలవాళ్ళం, ఏడుగురం. మాలో కొందరి తాతముత్తాతలు గిరిమిట్ కాగితం మీద వేలిముద్ర వేసి, మద్రాసు రేవులో ఓడ ఎక్కి, ఫిజీ చెరకుతోటల్లో దిగినవారు. తక్కినవాళ్ళం గోదావరి, కరీంనగర్ జిల్లాలనుంచి చదువులకూ ఉద్యోగాలకూ ఈ దేశం వచ్చినవాళ్ళం. అందరిలోకీ పెద్ద, మేము పెద్దమ్మగారు అని పిలుచుకునే ఆవిడ, ఫిజీలో బా పట్నంలో పుట్టి పెరిగి, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే శాండ్రింగ్‌హామ్‌లో వుంటున్నారు. ఆవిడ మాంసం ముట్టరు, మద్యం ముట్టరు. అయినా ఈ యాత్రలో మా అందరికంటె ఎక్కువ చూసినది ఆవిడే అని ముందే మనవి చేసుకుంటున్నాం.

జపాను దేశపు సాకే గురించీ, అక్కడి ఊరూరి భోజనం గురించీ మాట్లాడతామని చెప్పినప్పుడు, "పిల్లాజెల్లా కూర్చునే సభలో తాగుడు కబుర్లేమిటి బాబూ" అని ఒక పెద్దాయన అడిగారు. ఆ మాటకు జవాబు చెప్పకుండా ముందుకు పోవడం మర్యాద కాదు. తాగుడువల్ల కూలిన సంసారం కథ మనలో ప్రతి ఇంటికీ ఒకటి వుంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకుంటూ, ఆ పాఠాల్లో తమ కథే కనబడి లేచినవాళ్ళు వాళ్ళు. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఈ న్యూజిలాండ్‌కూ అలాంటి చరిత్ర వుంది. 1917నుంచి 1967 దాకా యాభై ఏళ్ళపాటు ఇక్కడి మద్యశాలలు సాయంత్రం ఆరింటికే మూసేవారు. మన పక్కనున్న ఈడెన్, రాస్కిల్ ప్రాంతాల్లో 1990ల చివరిదాకా మద్యం అమ్మకానికి ఓటర్లు ఒప్పుకోలేదు.

కాబట్టి ఎవరినీ తాగమని చెప్పడానికి మేము ఇక్కడ నిలబడలేదు. మా ఏడుగురిలో సాకే రుచి చూసినవారు నలుగురే. ఒక దేశం తన బియ్యాన్నీ, నీళ్ళనూ, ఊరి పేరునూ కలిపి ఒక సీసాలో ఎలా జాగ్రత్త చేసుకున్నదో చూసి వచ్చాం. చూశాక, మన వంటల మీదనుంచి ఊరి పేర్లు ఎప్పుడు రాలిపోయాయా అని దిగులు పుట్టింది. ఆ దిగులు మీతో పంచుకుందామని ఈ ప్రసంగం.

ముందుగా ఒక మాట సరిచేసుకుందాం. సాకే అంటే సారా కాదు. మన భాషలోనే ఆ తేడా వుంది. సారా కాస్తారు, కల్లు గీస్తారు. సాకే ఈ రెండూ కాదు. బియ్యాన్ని పులియబెట్టి పిండుతారు. ఆ లెక్కన అది మన కల్లుకు దగ్గర చుట్టం, సారాకు దూరం.

ఆక్లాండ్‌నుంచి టోక్యో దగ్గరి నరిటాకు విమానంలో పదకొండు గంటలు. అక్కడనుంచి రైలు మీద కోబె నగరం. మనకు వేసవి సెలవులంటే వారికి నడి చలికాలం. సాకే తీయడం చూడాలంటే అదే సరైన కాలం. చలిలో చెడు క్రిములు అణగి వుంటాయి, పులియడం నెమ్మదిగా నడుస్తుంది, పైగా పొలం పనులు వుండవు. కోబెనుంచి పక్కనున్న నిషినోమియా దాకా సముద్రపు ఒడ్డున వరుసగా వున్న సాకే పల్లెలను నాడా అంటారు. మొత్తం అయిదు పల్లెలు. అక్కడ పనిచేసినవాళ్ళు ఆ ఊళ్ళవాళ్ళు కారు. తంబా కొండల్లోని రైతులు కోతలు ముగించుకుని, భార్యాబిడ్డలను ఊళ్ళో వదిలి, కొండ దిగివచ్చి, నూరు రోజులు సాకే కార్ఖానాల్లో పనిచేసి, వసంతానికి ఇల్లు చేరేవారట. హకుత్సురు అనే పాత కంపెనీవారి ప్రదర్శనశాలలో నిలువెత్తు బొమ్మలు పెట్టి ఆ పనులన్నీ చూపించారు: బియ్యం కడిగేవాడు, ఆవిరికుండ దగ్గర నిలబడినవాడు, పొడుగాటి కర్రతో తొట్టి కలిపేవాడు. పెద్దమ్మగారు ఆ బొమ్మల ముందు చాలాసేపు ఆగి, "వీళ్ళది నూరు రోజుల గిరిమిట్. మనవాళ్ళది అయిదేళ్ళు" అన్నారు.

ఆ పనివాళ్ళు పాటలు పాడుతూ పనిచేసేవారు. పాట వినోదానికి మాత్రమే కాదు, గడియారాలు లేని రోజుల్లో అదే కాలమానం. ఈ పాట ఇన్నిసార్లు పాడితే ఇంతసేపు కలిపినట్టు లెక్క. రోకటి పాటలూ ఏతం పాటలూ తెలిసిన జాతికి ఇది వింత కాకూడదు. కాని మా పిల్లలు రోకలి అంటే ఏమిటని అడిగారు. ఆ సంగతి అలా వుంచుదాం.

నాడాలో మాకు బాగా నచ్చినది నీళ్ళ కథ. యమమురా తజాయెమోన్ అనే వ్యాపారికి నిషినోమియాలో ఒక కార్ఖానా, ఉవొజాకిలో ఒక కార్ఖానా వుండేవి. నిషినోమియా సాకే ఎప్పుడూ ఎక్కువ బాగుండేది. ఎందుకని? ఆయన రెండుచోట్లా ఒకే బియ్యం వాడించి చూశాడు. పనివాళ్ళను అటూయిటూ మార్చి చూశాడు. తేడా పోలేదు. చివరకు 1840లో నిషినోమియా బావినీళ్ళు మోయించుకుపోయి ఉవొజాకిలో సాకే తీయించాడు. అప్పుడు రెండూ ఒకటయ్యాయి. ఆ నీటిని మియామిజు అంటారు. ఖనిజాలు ఎక్కువగా, ఇనుము చాలా తక్కువగా వున్న నీళ్ళవి. ఇనుము సాకే రంగునూ రుచినీ చెడగొడుతుంది. ఆ తరువాత తక్కిన పల్లెలవాళ్ళూ ఆ బావినీళ్ళు కొనుక్కుపోవడం మొదలుపెట్టారు. నీళ్ళు అమ్మడమే ఒక వృత్తి అయిపోయింది.

మన ఇళ్ళలో "ఆ ఊరి నీళ్ళకే ఆ పప్పు అంత బాగా ఉడుకుతుంది" అనే మాట వినని వారెవరు? అది ముసలమ్మల చాదస్తం అనుకున్నాం. అదే మాటను జపానువారు పరీక్ష చేసి, లెక్క రాసి, వ్యాపారం చేసుకున్నారు.

1995 జనవరి 17 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో నాడాలోని పాత చెక్క కార్ఖానాలు చాలా కూలిపోయాయి. 2011లో క్రైస్ట్‌చర్చ్‌ను చూసిన మనకు దాన్ని వర్ణించి చెప్పనక్కరలేదు. కొన్ని మళ్ళీ కట్టారు, కొన్ని కట్టలేదు. శిథిలాల్లోంచి పాత తొట్లూ గరిటెలూ ఏరి కడిగి దాచినవాటిని చూస్తే, పోయినవారి ఇత్తడి సామాను దాచుకునే మన అలవాటు గుర్తుకు వచ్చింది.

ఇక సాకే ఎలా తీస్తారు? మన వంటింటి మాటల్లో చెబుతాం. ముందు బియ్యం పాలిష్ పడతారు. మనం పాలిష్ పట్టేది తవుడు పోయేదాకా. వారు గింజను ఇంకా లోపలికి అరగదీస్తారు. గింజలో నూటికి అరవై వంతులో, అంతకు తక్కువో మిగిలేలా అరగదీస్తే గింజో అనీ, యాభై వంతులో అంతకు తక్కువో అయితే దైగింజో అనీ రకాలు. దైగింజోకు సగం గింజ పిండిగా పోతుందన్నమాట. పెద్దమ్మగారికి అది నచ్చలేదు. ఆ పిండితో అప్పచ్చులు చేస్తారు, పారేయరు అని గైడు చెప్పాక శాంతించారు. తరువాత బియ్యం కడిగి, నానబెట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. ఉడికిన అన్నంలో కొంత భాగాన్ని వెచ్చని గదిలో పరచి, పైన కోజి అనే బూజు చల్లుతారు. రెండు రోజుల్లో గింజ మీద తెల్లగా నూగులా పట్టుకుంటుంది. బూజు పట్టిన అన్నం మనం అవతల పారబోస్తాం. వారు దానికి రాత్రింబవళ్ళు కాపలా కాస్తారు. కోజి పని ఏమిటంటే అన్నంలోని పిండిని తీపి చేయడం. ఆ తీపిని ఈస్టు మద్యంగా మారుస్తుంది. ఈ రెండు పనులూ ఒకే తొట్టిలో ఒకేసారి జరుగుతూ వుంటాయి. అందుకే నీళ్ళు కలపకముందు సాకేలో మద్యం నూటికి ఇరవై దాకా చేరుతుంది. సీసాలో పోసేటప్పుడు పదిహేను పదహారుకు దించుతారు.

అన్నం, కోజి, నీళ్ళు తొట్టిలో ఒక్కసారిగా పోయరు. నాలుగు రోజుల్లో మూడు విడతలుగా పోస్తారు. మొదటి విడత తరువాత ఒక రోజు ఏమీ పోయకుండా వదిలేస్తారు, ఈస్టు పెరగడానికి. ఆ విరామం రోజును ఒదొరి అంటారు. ఒదొరి అంటే నాట్యం. వంట పనిలో ఒక రోజుకు నాట్యం అని పేరు పెట్టుకున్న జాతి మీద మాకు అక్కడే ఇష్టం ఏర్పడింది.

మన తరవాణి కుండ గుర్తుందా? కలినీళ్ళలో అన్నం వేసి, పులిసినది పొద్దున ఉప్పు, పచ్చిమిరపకాయతో తినేవారు. దోసెల పిండి, ఇడ్లీ పిండి, చద్దన్నం, అన్నీ పులుపు విద్యలే. మన కుండలో పనిచేసేవి గాలిలోంచీ గింజ మీదనుంచీ వచ్చిన క్రిములు. వారు కోజిని వేరుగా పెంచి, వందల ఏళ్ళుగా దాని విత్తనం అమ్మే ఇళ్ళు పెట్టుకున్నారు. సాకే కార్ఖానా చూడబోయేవాళ్ళను ఆ రోజు నాట్టో తినకుండా రమ్మంటారు. నాట్టో అంటే జిగురు జిగురుగా పులియబెట్టిన సోయా గింజలు. అందులోని క్రిమి గట్టిది, కోజి గదిలో దూరితే పని పాడవుతుందట. మా కుర్రవాడొకడు పొద్దున హోటల్లో నాట్టో తిన్నానని నిజం చెప్పేశాడు. వాణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. వాడు ఏమీ బాధపడలేదు. ఎదురు దుకాణంలో ఐస్‌క్రీం వుంది.

కోబెనుంచి క్యోటో పక్కనున్న ఫుషిమికి వెళ్ళాం. ఇక్కడి నీళ్ళు మెత్తనివి. నాడా సాకే కాస్త గట్టిగా తగులుతుందనీ, ఫుషిమి సాకే మృదువుగా వుంటుందనీ, అందుకే నాడాది మగ సాకే, ఫుషిమిది ఆడ సాకే అనీ పాత మాట. పెద్దమ్మగారు ఈ విభజన విని నవ్వి ఊరుకున్నారు. గొకొనొమియా ఆలయంలో ఒక ఊట వుంది. ఊళ్ళోవాళ్ళు సీసాలు తెచ్చుకుని ఆ నీళ్ళు పట్టుకుపోతారు. గెక్కెయికాన్ అనే కంపెనీ 1637నుంచి ఈ ఊళ్ళోనే సాకే తీస్తున్నది. కాలువ పక్కన తెల్లగోడల, నల్లచెక్కల కొట్లు. కార్ఖానా గుమ్మం పైన దేవదారు రెమ్మలతో కట్టిన పెద్ద బంతి వేలాడుతుంది. కొత్త సాకే దిగిందనడానికి అది గుర్తు. పచ్చగా వున్న బంతి నెలలు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. సాకే వయసు ఆ బంతి చెబుతుంది. మన మామిడి తోరణాన్ని ఏడాది పొడుగునా విప్పకుండా వుంచినట్టు.

భోజనం సంగతి చెప్పాలి. శాకాహారికి జపాను కష్టమైన దేశం, దాచడం ఎందుకు? కనిపించేది కూరగాయే అయినా ఉడికిన నీళ్ళలో ఎండుచేప సారం వుంటుంది. దాన్ని దాషి అంటారు. మన చారుకు చింతపండు ఎంతో వారి వంటకు దాషి అంత. రెండు రోజులు పెద్దమ్మగారు అన్నం, ఉప్పు, మేము ఇక్కడనుంచి మోసుకుపోయిన మాగాయతో సరిపెట్టుకున్నారు. మూడోనాడు క్యోటోలో బౌద్ధ ఆలయాల పద్ధతి భోజనం దొరికింది. అందులో చేపా మాంసమే కాదు, ఉల్లి వెల్లుల్లీ వుండవు. దాషి కూడా సముద్రపు నాచుతోనూ ఎండు పుట్టగొడుగులతోనూ తీస్తారు. చిన్న చిన్న గిన్నెల్లో ఏడెనిమిది పదార్థాలు, వేడినీళ్ళలో తేలే సోయా జున్ను, పలచగా తరిగిన టర్నిప్ ఊరగాయ. "కార్తీకమాసం భోజనంలా వుంది, కారం ఒక్కటే తక్కువ" అని పెద్దమ్మగారి తీర్పు.

సాకే పిండగా మిగిలిన పిప్పిని కూడా వారు వదలరు. దానితో చలికాలంలో పులుసు కాస్తారు. పక్క ఊరు నారాలో దోసకాయలనూ గుమ్మడి జాతి కాయలనూ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి, ఆ పిప్పిలో ఊరవేస్తారు. బెల్లం రంగుకు వస్తాయి. ఊరిన కాయలోనూ కాస్త మద్యం వుంటుందని తెలిసి పెద్దమ్మగారు వాసన చూసి పళ్ళెం అవతలకు జరిపారు. మేము ఆవిడ వాటా కూడా తిన్నాం.

చివరి మజిలీ హిరోషిమా దగ్గరి సాయిజో. రైలుస్టేషను దిగగానే ఎర్ర ఇటుకల పొగగొట్టాలు కనబడతాయి. ఒక్కొక్క గొట్టం మీద ఒక్కొక్క కార్ఖానా పేరు. నడిచి తిరిగేంత దూరంలో ఏడెనిమిది వున్నాయి. ఈ ప్రాంతపు నీళ్ళు మరీ మెత్తనివి కావడంతో ఒకప్పుడు ఇక్కడ సాకే సరిగా పులిసేది కాదు. మియురా సెంజబురో అనే ఆయన ఏళ్ళ తరబడి ప్రయత్నం చేసి, కోజిని లోతుగా పట్టించి, చల్లగా, నిదానంగా పులియబెట్టే పద్ధతి కనిపెట్టి, 1898లో దాన్ని పుస్తకంగా వేశాడు. రహస్యంగా దాచుకోలేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ పద్ధతితో బాగుపడ్డాయి. ఈ సంగతి మన పచ్చళ్ళ కొలతలు కోడలికి కూడా చెప్పని అత్తగార్లు వినాలి.

సాయిజోలో పనివాళ్ళ కూర ఒకటి వుంది, బిషునాబె. కోడిమాంసం, పందిమాంసం, కాబేజీ, పుట్టగొడుగులు, వాటిలో సాకే, ఉప్పు, మిరియాలు, అంతే. పొయ్యి మీద సాకేలోని మద్యం ఎగిరిపోతుంది, రుచి మిగులుతుంది. రేపు పొద్దున సాకే రుచి చూసి తీర్పు చెప్పవలసినవాళ్ళు తినే కూర కాబట్టి నాలుక చెడగొట్టే మసాలాలు లేవు. మసాలా లేని కూర ఇంత బాగుంటుందని మాలో గుంటూరు అల్లుడుగారు ఒప్పుకోవడానికి రెండు గిన్నెలు పట్టింది.

అక్కడ పక్క బల్లవాళ్ళు మాతో కలిశారు. వారి ఆచారం ఏమిటంటే, ఎవరి గిన్నెలో వారు పోసుకోరు. పక్కవారికి మనం పోయాలి, మనకు పక్కవారు పోయాలి. పెద్దవారికి రెండు చేతులతో పోయాలి. ఇవన్నీ చూస్తూ పెద్దమ్మగారు ఫిజీ నగోనా సంగతి చెప్పారు. చెక్క తానోవా చుట్టూ కూర్చోవడం, కొబ్బరి చిప్ప అందుకునే ముందు ఒక చప్పట, తాగాక మూడు చప్పట్లు. మన తాతలు ఆ పద్ధతి ఫిజీ దేశస్థులనుంచి నేర్చుకుని తమది చేసుకున్నారు. కరీంనగర్ మిత్రుడు తాటివనంలో కల్లు తాగడం చెప్పాడు. తాటాకు దొప్ప రెండు చేతుల్తో పట్టుకుంటే గౌడు పైనుంచి లొట్టి వంచి పోస్తాడు, అక్కడా ఎవరూ తామే పోసుకోరు. పెద్దమ్మగారి గిన్నెలో గోరువెచ్చని బార్లీ తేనీరు పోసి, పక్క బల్ల ముసలాయన అందరికంటె ముందు ఆవిడ వైపే గిన్నె ఎత్తాడు. తాగనివారిని ఎవరూ బలవంతం చేయలేదు, ఎగతాళి చేయలేదు. మన కొన్ని విందుల్లో ఈ మర్యాద కనబడదని చెప్పక తప్పదు.

ఇక మేము చెప్పదలచుకున్న విషయానికి వస్తాం. సాకే సీసా మీద కాగితం చదివించుకున్నాం. కార్ఖానా పేరు, ఆ ఊరు, ఆ జిల్లా. గింజ ఎన్ని వంతులు మిగిలింది. చాలావాటి మీద బియ్యం రకం పేరు కూడా వుంటుంది. యమదానిషికి అనే వరి 1923లో హ్యోగో జిల్లాలో సంకరం చేసి, 1936లో పేరు పెట్టినది. ఆ పేరు చూడగానే కొనేవాళ్ళు తల పంకిస్తారు. నాడా పల్లెల పేరును 2018లో చట్టప్రకారం భౌగోళిక గుర్తుగా నమోదు చేశారు. కోజితో సాకే చేసే విద్యను 2024 డిసెంబరులో యునెస్కోవారు మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చారు.

ఇప్పుడు మన శాండ్రింగ్‌హామ్ రోడ్డుకు రండి. అటూయిటూ ఎన్ని దుకాణాలు, ఎన్ని హోటళ్ళు! కరివేపాకు దొరుకుతుంది, గోంగూర సీసాలో దొరుకుతుంది. మనకు అది ఎంత అండో మాటల్లో చెప్పలేం. కాని బోర్డు మీద చాలాచోట్ల వుండేది "ఇండియన్", మహా అయితే "సౌత్ ఇండియన్". ఆ మాట కింద ఆత్రేయపురం, బందరు, సిరిసిల్ల, చోడవరం అన్నీ మునిగిపోయాయి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాబట్టి మనకు పేర్లు లేక కాదు. సముద్రం దాటేటప్పుడు జారవిడుచుకున్నాం.

ఫిజీ కుటుంబాలవారికి ఒక్క మాట ప్రత్యేకంగా మనవి. 1879నుంచి 1916 దాకా అరవై వేలమందికి పైగా గిరిమిట్ మీద ఫిజీ వెళ్ళారు. మద్రాసునుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక ఎమిగ్రేషన్ పాసు రాశారు. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది మచ్చ, దానితోపాటు జిల్లా, తాలూకా, గ్రామం. సువాలోని జాతీయ భాండాగారంలో ఆ పాసులు వున్నాయి. పెద్దమ్మగారి తాతగారి పాసు నకలు ఆవిడ పెట్టెలో ఎన్నో ఏళ్ళుగా వుంది. జిల్లా విశాఖపట్నం అని తెలుసు. ఊరి పేరు గుమాస్తా రాసిన ఇంగ్లీషు అక్షరాల్లో చిక్కుకుపోయి ఎవరికీ అర్థం కాలేదు. జపానునుంచి తిరిగివచ్చాక ఆవిడ ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టి, "సాకే సీసాకున్న కాగితం మా తాతకూ వుంది. చదివేవాళ్ళే లేరు" అన్నారు.

చదవడానికి అక్షరాలు చాలకపోతే వంటింటి మాటలు సాయం వస్తాయని మాకు తోచింది. ఒకే ధాన్యాన్ని రాయలసీమలో రాగులు అంటారు, ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు. కోస్తాలో గోంగూర, తెలంగాణలో పుంటికూర. ఒకచోట ఆనపకాయ, మరోచోట సొరకాయ. ఇంట్లో తెలుగు పోయి ఫిజీ హిందీ మిగిలినా, ఒక్కొక్కప్పుడు ఒక కూర పేరు, ఒక గిన్నె పేరు మాత్రం తెలుగులోనే నిలిచివుంటుంది. పెద్దమ్మగారు చిన్నప్పుడు వాళ్ళ నాన్నమ్మ "చోడి అంబలి" అని తలుచుకునేదట. ఫిజీలో ఆవిడ దాన్ని ఎన్నడూ చూడలేదు. మాట మాత్రం వచ్చింది. ఆ మాటా, పాసులోని జిల్లా పేరూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి. ఇక్కడి దుకాణంలో రాగిపిండి కొని, ఆ పొట్లం మీద పెన్నుతో "చోడి పిండి" అని రాసి, ఆవిడ మొన్న అంబలి కాచారు. రుచి సంగతి ఆవిడ చెప్పలేదు. రెండో గ్లాసు అడిగారు.

కల్లు సంగతి చెప్పకుండా ముగిస్తే కరీంనగర్ మిత్రుడు ఊరుకోడు. మోకు, ముస్తాదు కట్టుకుని రోజూ చెట్టెక్కి, గెల కొనను పలచగా గీస్తూ, లొట్టి కట్టే పని సాకే పనివాడి పనికి ఏమీ తీసిపోదు. పోద్దాడు కల్లు వేరు, పండుతాడు కల్లు వేరు, ఈత కల్లు వేరు, ఏజెన్సీ జీలుగు కల్లు వేరు. పొద్దున తియ్యగా వున్నది సాయంత్రానికి పుల్లబడుతుంది. సాకేను వేడిచేసి, పులియడం ఆపి, సీసాలో దాచే ఉపాయం జపానువారు 16వ శతాబ్దంలోనే పట్టుకున్నారు. కల్లుకు ఆ ఉపాయం అతకలేదు. అందుకే అది ఊరు దాటలేదు. పట్నం చేరిన చోట మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు ప్రాణాలు తీసిన వార్తలు చదువుతూనే వున్నాం. ఆ దుకాణాలను మేము సమర్థించం. కాని ఆ కల్తీ పాపం గీత కార్మికుడి విద్యకు అంటగట్టడం అన్యాయం. 2023లో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున, పులియని తాటి నీరా అమ్మే నీరా కేఫ్ తెరిచారు. ఈసారి వెళ్ళినవాళ్ళు పిల్లలను అక్కడికి తీసుకెళ్ళి చెట్టు పేరు చెప్పండి.

జపానులో అంతా బంగారమని కూడా అనుకోవద్దు. సాకే అమ్మకం 1973లో శిఖరానికి చేరి, అక్కడనుంచి దిగుతూ ఇప్పుడు అందులో నాలుగో వంతుకన్నా తక్కువకు వచ్చింది. కుర్రకారుకు బీరు చాలు. తంబా కొండలనుంచి దిగివచ్చే రైతులు అరుదైపోయారు. మరోవైపు, బియ్యం పండని ఈ న్యూజిలాండ్‌లోనే, క్వీన్స్‌టౌన్‌లో, 2015లో జెంకురో అనే సాకే కార్ఖానా మొదలైంది. బియ్యం జపానుది, నీళ్ళు ఇక్కడి కొండలవి. వాకతిపు సరస్సు పేరు వాళ్ళ సీసా మీద వుంది. పరాయి దేశంలో కాపురం పెట్టిన విద్య, దిగిన ఊరి పేరు కూడా పెట్టుకుంది.

చివరగా, ఆ మూల బల్ల మీద స్టీలు క్యాన్లో వున్నది అమజాకే. సాకే అనే పేరు వున్నా కోజితో చేసిన ఈ రకంలో మద్యం వుండదు, పిల్లలు తాగవచ్చు. సాకే పిప్పితో చేసే రకం ఒకటి వుంది, దానిలో కాస్త వుంటుంది, కొనేటప్పుడు చూసుకోండి. పెద్దమ్మగారు దీన్ని మన రోడ్డు మీద కొన్న సోనా మసూరి బియ్యంతో చేశారు. గ్లాసు బియ్యం జావలా మెత్తగా ఉడికించి, వేలు పెడితే చురుక్కుమనేదాకా చల్లార్చి, గ్లాసు కోజి కలిపి, యాభై అయిదు అరవై డిగ్రీల వేడిలో ఎనిమిది గంటలు మూతపెట్టి వుంచడమే. వేడి డెబ్బై దాటితే కోజి పని ఆగిపోతుంది, యాభైకి దిగితే పులుస్తుంది. పంచదార వెయ్యలేదు, ఆ తీపి అంతా అన్నానిదే. క్యాను మీద అంటించిన కాగితం చూడండి, ఆవిడ చేతిరాతే: బియ్యం పేరు, చేసిన తేదీ, ఊరు శాండ్రింగ్‌హామ్. గ్లాసులు బల్ల కింద వున్నాయి. ఎవరిది వారు పోసుకోకండి, పక్కవారికి పొయ్యండి.